అమ్మకు లేని మోకాలి నొప్పి

ఆ రోజు నేను చూశాను. నాన్న అడిగినప్పుడు చూడలేదని చెప్పాను.

నాకప్పుడు పదకొండేళ్లు. ఆ వయసు పిల్లాడి అబద్ధాన్ని ఎవరూ అంతగా లెక్కలోకి తీసుకోరు, నిజమే. కానీ నేను దాన్ని అక్కడితో వదల్లేదు. మీసం నెరిసేదాకా సాకాను. పెళ్లిళ్లలో, భోజనాల బంతుల్లో, ఎవరి పిల్లయినా బడికి పోనని మొండికేసిందని తెలిస్తే చాలు, "మా అప్ప కూడా అంతే. మా నాన్న గట్టిగా నిలబడ్డాడు, దెబ్బకి దారికొచ్చింది" అని మొదలుపెట్టేవాణ్ణి. అందరూ తలలూపేవారు. అప్ప అక్కడే ఉంటే కూర వడ్డించుకుంటూ పోయేది.

అప్ప అంటే మా అక్క. శ్రీకాకుళం వైపు నుంచి ఖరగ్‌పూర్ వచ్చి స్థిరపడ్డ మా ఇళ్లలో అక్కను అలాగే పిలుస్తాం. నాకన్నా ఐదేళ్లు పెద్దది.

మొన్న మా అమ్మాయి నాతో ఒక మాట చెప్పింది. దానికి నేనిచ్చిన జవాబు నాది కాదు, మా నాన్నది. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక తెలిసింది. అందుకని జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడుతున్నాను. ఇందులో నా గురించి గొప్పగా చెప్పుకోవడానికేమీ లేదు. మా అప్ప గురించీ, మా అమ్మ గురించీ మాత్రం చాలా ఉంది.

మాది ట్రాఫిక్ కాలనీలో రెండు గదుల క్వార్టరు. సాయంత్రమయ్యేసరికి వరసగా అన్ని ఇళ్ల ముందూ బొగ్గు పొయ్యిలు రాజేసేవారు. ముందు ఆ పొగ వచ్చేది, తర్వాత ఆవనూనె ఘాటు, దాని వెనకాల ఎవరింట్లోంచో ఎండుచేపల పులుసు. నూనె ఇక్కడిది, చేప మా ఊరిది. ఊరి నుంచి ఎవరు రైలు దిగినా చేతిలో తాండ్రో, జీడిపప్పో, ఆవకాయ జాడీయో లేకుండా దిగేవారు కాదు. బడి నుంచి రాగానే మాకు ముడి పెట్టేవారు. ముడి అంటే మరమరాలే. అందులో పచ్చి ఉల్లిపాయ, రెండు చుక్కల ఆవనూనె, పైన ఆవకాయ గుజ్జు. ఆ గిన్నె అడుగున ఎర్రగా మెత్తబడ్డ నాలుగు పిడికిళ్ల కోసం అప్పా నేనూ కొట్టుకునేవాళ్లం.

నాన్న కార్ఖానాలో ఫిట్టరు. రైల్వే వర్క్‌షాపుని మా వాళ్లు కార్ఖానా అనే అంటారు. సైరన్ కూసిందంటే వీధంతా సైకిళ్లే. సాయంత్రం నాన్న పెరట్లో కూర్చుని, చేతుల గ్రీజు పోవడానికి రంపపు పొట్టులో కిరసనాయిలు చల్లుకుని మోచేతులదాకా రుద్దుకునేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఈ మాట ముందే చెప్పాలి. ఒకసారి వేలి గోరు మొత్తం ఊడిపోతే గుడ్డపీలిక చుట్టుకుని షిఫ్టు పూర్తి చేసి మరీ వచ్చాడు. అమ్మ ఏడుస్తుంటే, "వేలు ఉన్నాది గదే, గోరే గదా పోయినాది" అన్నాడు.

ఇక్కడ మా కాలనీ అలవాటు ఒకటి చెప్పకపోతే మిగతాదేదీ అర్థం కాదు. మా దగ్గర ఒంట్లో బాగోలేకపోవడం వేరు, సిక్కులో ఉండడం వేరు. రైల్వేలో సెలవు దొరకడం కష్టం. అందుకని ఊళ్లో వరినాట్లు పడితే సిక్కు. మేనకోడలి పెళ్లికి సిక్కు. డాక్టరు దగ్గర మూలిగి సిక్కు కాగితం తెచ్చుకోవడం, పనయ్యాక మళ్లీ వెళ్లి ఫిట్టు కాగితం తెచ్చుకుని డ్యూటీలో చేరడం. పక్క క్వార్టర్ మావ ఇందులో ఆరితేరిన మనిషి. చంకలో ఉల్లిపాయ పెట్టుకుంటే జ్వరం వస్తుందని పిల్లలందరికీ ఆయనే నేర్పాడు. నాన్న కూడా ఒక ఏడు నడుం నొప్పని సిక్కు పెట్టి, ఊళ్లో పెదనాన్న ఇంటికి పెంకు నేయించి వచ్చాడు. ఫిట్టు కోసం వెళ్తే, "నడుం నొప్పితో మంచం మీదున్నోడివి ఇంత నల్లబడ్డావేం?" అని డాక్టరు అడిగాడట. "మా మంచం అరుగు మీద ఉంటాది సార్" అన్నాడట నాన్న. ఆ కథ మేం ఎన్నిసార్లు చెప్పించుకుని నవ్వామో.

అలాంటి చోట జబ్బంటే ఒళ్లు కాలాలి, లేదా రక్తం కనపడాలి. రెండూ లేకపోతే అది ఏదో పని ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తు. మా వాళ్లు మనసు లేనివాళ్లయి కాదు, అందరూ ఆ ఎత్తు వేసినవాళ్లే కాబట్టి అలా అనుకునేవారు.

అప్పకి పదో తరగతి. ఆ ఏడు వానాకాలం మొదలయ్యాక తను మారిపోయింది. ముడి గిన్నె మొత్తం నాకే వదిలేసేది. మొదట్లో నాకది పండగలా ఉంది. జడ వేసుకోవడానికి అద్దం ముందు కూర్చుంటే దువ్వెన చేతిలోనే ఉండేది, గంట గడిచేది. పుస్తకం తెరిచిన పేజీ మర్నాటికీ అదే పేజీ.

ఒక సాయంత్రం బడి నుంచి వస్తూ స్టేషన్ ఓవర్ బ్రిడ్జి ఎక్కాం. కింద ఏదో గూడ్సు వెళ్తోంది, వంతెన సన్నగా అదురుతోంది. మధ్యలోకి వచ్చాక అప్ప ఆగిపోయింది. కమ్మీ పట్టుకుని మెల్లగా కిందికి జారి కూర్చుంది. ముఖం నిండా చెమట, చెయ్యి పట్టుకుంటే ఐసు.

"అప్పా, ఏటైనాదే?"

"ఊపిరి అందట్నేదురా. సచ్చిపోతన్నానేటో."

నేను ఏడుపు మొదలుపెట్టాను. అరటిపళ్ల గంపతో వెళ్తున్న ఒక బెంగాలీ ముసలావిడ ఆగి, గంప దించి, తన కొంగుతో అప్పకి విసిరింది. "భయ్ నేయ్, మా, భయ్ నేయ్" అంటూనే ఉంది. భయం లేదమ్మా అని. జనం మా పక్క నుంచి దాటుకుంటూ పోయారు. ఎంతసేపో తెలియదు. తర్వాత అప్ప ఊపిరి దానంతటదే సర్దుకుంది. ముసలావిడ మా ఇద్దరికీ చెరో పండు ఇచ్చి వెళ్లిపోయింది.

ఇంటికి వస్తూ అప్ప చెప్పింది. "ఇది నాలుగోసారిరా. నాన్నకి నేనే సెప్తాను. నువ్వు సూసినావు గదా. నాన్న అడిగితే సూసినట్టు సెప్పు."

"సెప్తాను" అన్నాను.

నాన్న అన్నం తింటున్నప్పుడు అప్ప చెప్పింది. పొద్దున్న లేవాలంటే భయమేస్తోందని, గుండె దడదడమని ఆగట్లేదని, ఏ కారణమూ లేకుండా ఏడుపొస్తోందని. మా అప్ప అంత పొడుగు మాటలు నాన్న ముందు ఎప్పుడూ మాట్లాడలేదు. నాన్న చెయ్యి కడుక్కుని, చేతి వెనక వైపుతో అప్ప నుదురు ముట్టుకుని చూశాడు.

"జొరం నేదు. పరీచ్చలు వత్తన్నాయని సిక్కు కొడతన్నావేటే?"

"కాదు నాన్నా, నిజంగానే..."

"మీ నాన్నకే సిక్కు నేర్పుతావా గుంటా? నేను ఎంతమందిని సూడనేదు!" అని నా లెక్కల పుస్తకంలోంచి ఒక కాగితం చింపాడు. దాని మీద పెద్ద అక్షరాలతో 'ఫిట్ ఫర్ డ్యూటీ' అని రాసి, కింద డాక్టర్లా గిలికి సంతకం పెట్టి అప్ప చేతికిచ్చాడు. "ఇదిగో, ఫిట్టు. రేపు డ్యూటీకి జాయినైపో."

అందరం నవ్వాం. అమ్మ కూడా నవ్వింది. అందరికన్నా గట్టిగా నవ్వినవాణ్ణి నేను. మర్నాడు ఆ కాగితాన్ని అప్ప బడి సంచికి పిన్నీసుతో గుచ్చింది కూడా నేనే. వీధి చివరిదాకా అది అలాగే వెళ్లింది.

ఆ తర్వాత మా అప్ప చేసిన పని చూడండి. పదహారేళ్ల పిల్ల. తనకి జరుగుతున్నదానికి ఒక పేరుంటుందని కూడా తెలియని ఇల్లు. బీరువాలోంచి రైల్వే మెడికల్ కార్డు తీసుకుని, బడి మానేసి, ఒక్కతే ఆస్పత్రికి వెళ్లి లైన్లో నిలబడింది. ఆ లైన్లో ఉన్నవాళ్లందరూ మా కాలనీవాళ్లే. ఎవరికి ఏ పుండో ఎవరికి ఏ దగ్గో అందరికీ తెలిసే చోటు. డాక్టరు ఒక ముసలి బెంగాలీ ఆయన. జబ్బేమిటంటే, "ఏ జబ్బో తెల్దు, మా ఇంట్లో నమ్మట్నేదు" అని చెప్పిందట తనకొచ్చిన హిందీలో. ఆయన పెన్ను కింద పెట్టి, "నేను నమ్ముతాను, కూర్చో" అన్నాడట. ఈ సంగతి నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా ఛాతీ ఉప్పొంగుతుంది. నేను యాభై దాటాను. ఇప్పటికీ నాకంత ధైర్యం లేదు.

లైన్లో అప్పని పక్క క్వార్టర్ మావ చూశాడు. సాయంత్రానికి మా ఇంట్లో పంచాయితీ.

"ఒరే బావా, నీ కూతురు ఆస్పత్రిలో మనసు బాగోనేదని సెప్తన్నాదంట. రేపు సంబంధాలు వత్తే ఏటి సెప్తావు?" అన్నాడు మావ. ఉల్లిపాయ మావే.

నాన్న ముఖం మాడిపోయింది. అప్ప గోడకి ఆనుకుని నిలబడింది. "నాన్నా, నేను అబద్దం ఆడట్నేదు. ఓవర్ బ్రిడ్జి మీద పడిపోయినాను. తమ్ముడు సూసినాడు. కావలిస్తే అడుగు."

నాన్న నన్ను దగ్గరకి పిలిచాడు. కోపంగా కాదు, మెత్తగానే. "నువ్వు సెప్పరా. అప్పకి ఏటైనా అవ్వడం నువ్వు సూసినావా?"

అందరూ నా వైపే చూస్తున్నారు. నా బుర్రలో రెండు సంగతులు తిరిగాయి. అప్పటికే వీధిలో పిల్లలు నన్ను 'పిచ్చిదాని తమ్ముడు' అనడం మొదలుపెట్టారు, మావ కొడుకే మొదలెట్టాడు. రెండోది విశ్వకర్మ పూజ. ఏడాదిలో ఆ ఒక్కరోజే కార్ఖానా గేట్లు ఇంటివాళ్లందరికీ తెరుస్తారు. ఈసారి నన్ను పైన క్రేను గదిలోకి ఎక్కిస్తానని నాన్న మాటిచ్చాడు. నాన్నకి నచ్చని జవాబు చెప్తే ఆ క్రేను నాది కాదు.

"నేదు నాన్నా. నేనేటీ సూడనేదు" అన్నాను.

అప్ప నన్ను తిట్టలేదు. అసలు నా వైపు చూడలేదు. లోపలికి వెళ్లి బియ్యం ఏరడానికి కూర్చుంది. నాన్న మెడికల్ కార్డు తీసుకుని తన ట్రంకు పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

విశ్వకర్మ పూజ నాడు నేను క్రేను ఎక్కాను. షెడ్డంతా బంతిపూల దండలు, ప్రతి మిషనుకీ సిందూరం బొట్టు, గ్రీజు వాసన మీద సాంబ్రాణి వాసన. ఎక్కడ చూసినా కొత్త చీరలు, ఖిచిడీ పొట్లాలు. బయట ఆకాశం నిండా గాలిపటాలు. ఇనుప నిచ్చెన మీద నాన్న నా వెనకాలే ఎక్కాడు, నేను పడితే పట్టుకోవడానికి రెండు చేతులూ నాకు అటూ ఇటూ పెట్టి. పైన ఆ చిన్న గదిలో కూర్చుంటే మొత్తం షెడ్డు నా కాళ్ల కింద ఉంది. "అద్గో, అదే నా బెంచీ. ఆ చక్రం సూడు, నేను బిగించిందే" అని చూపిస్తున్నాడు నాన్న. ఆయన గొంతులో అంత సంతోషం నేను ఎప్పుడూ వినలేదు.

నేను చక్రం చూడలేదు. దాని పక్కన, జనం మధ్యలో, అప్ప కింద కూర్చుండిపోవడం చూశాను. రెండు చేతులతో అమ్మ కుచ్చిళ్లు పట్టుకుంది. అంత ఎత్తు నుంచి కూడా తన భుజాలు ఎగిరెగిరి పడడం కనిపిస్తోంది. అమ్మ చేతిలోని ఖిచిడీ పొట్లం నేల మీద పడింది. అమ్మ వంగింది, అప్ప ముఖం రెండు చేతుల్లోకి తీసుకుని చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత అప్పని పొదివి పట్టుకుని, వరసగా నిలబెట్టిన చక్రాల చాటుకి తీసుకెళ్లి, నేల మీద చతికిలబడి, కొత్త చీరకి గ్రీజు అంటుతున్నా చూసుకోకుండా, అప్ప తల ఒళ్లో పెట్టుకుంది.

"నాన్నా, అద్గో..." అన్నాను.

"ఆఁ, అదే. లేతు మిషను" అన్నాడు నాన్న.

నేను మిగతా మాట మింగేశాను. అది రెండోసారి.

చదువు రాని మనిషి మా అమ్మ. నాన్న మాటకి ఎదురు చెప్పడం నేను చూసి ఎరగను. ఆ వారం బావి దగ్గర నీళ్లు తోడుతూ, "ఓలమ్మో" అని మోకాలు పట్టుకుని కూలబడింది.

"ఏటే, ఏటైనాది?" నాన్న పరుగెత్తుకొచ్చాడు.

"మోకాలు. మెలి పడినాదో ఏటో. కాలు కింద పెట్టనేకపోతన్నాను."

నాన్న అమ్మని ఎత్తుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టాడు. వావిలాకు కాచి నువ్వుల నూనెతో స్వయంగా మర్దనా చేశాడు. రెండు రోజులకీ తగ్గకపోయేసరికి ట్రంకు పెట్టె తాళం తీసి కార్డు అమ్మ చేతిలో పెట్టాడు. "డాక్టరుకి సూపించు. ఒక్కదానివి నడవనేవు, అమ్మాయిని తోడు తీస్కెల్లు."

అలా మొదలైంది. ప్రతి గురువారం అమ్మ అప్ప భుజం మీద చెయ్యి వేసుకుని, కుంటుకుంటూ ఆస్పత్రికి వెళ్లేది. ఊరంతా దొంగ సిక్కులతో ఊళ్లకి పోతున్న ఆ కాలంలో, మా అమ్మ నిజం జబ్బుకి వైద్యం చేయించడానికి దొంగ సిక్కు పెట్టింది. పైగా ఎంత బాగా కుంటేదని! వీధిలో ఆడవాళ్లు చిట్కాలు చెప్తే అన్నీ శ్రద్ధగా వినేది. రెండు కాళ్లలో ఏది నొప్పో ఒక్కసారి కూడా తప్పలేదు, ఏడాదిన్నర పాటు.

నాకెలా తెలిసిందంటే, ఒక గురువారం వెనకాలే దాక్కుంటూ వెళ్లాను. మా వీధి మలుపు తిరిగి, క్వార్టర్లు కనపడకుండా పోగానే అమ్మ చీర కాస్త ఎత్తి పట్టుకుని మురిక్కాలవని ఒక్క గెంతులో దాటేసింది. అప్ప ఫక్కున నవ్వింది. ఎన్నో నెలల తర్వాత నేను విన్న మొదటి నవ్వు అది. నేను చప్పట్లు కొట్టాను. ఇద్దరూ రాయిలా నిలబడిపోయారు.

అప్పుడైనా నేను మంచి తమ్ముణ్ణి అయ్యానా? లేదు. "నాన్నకి సెప్పేస్తాను" అన్నాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఏటి కావాలిరా నీకు?"

"ఆలూచాప్."

ఆలూచాప్ అంటే బంగాళదుంప బజ్జీ. ఆ రోజు నుంచి ప్రతి గురువారం నాకు ఒక ఆలూచాప్, ఒక దొన్నెడు ఘుగ్నీ. బఠాణీ ఘుగ్నీ మీద పచ్చిమిర్చి చల్లి ఇచ్చే బెంగాలీ దాదా బండి ఆస్పత్రి దారిలోనే ఉండేది. వాళ్లు లోపల ఉన్నంతసేపూ నేను బయట కూర్చుని తినేవాణ్ణి. "ఒరే లంచగొండీ, మూతి తుడుచుకో. నాన్నకి ఆవనూనె వాసన తెలిసిపోద్ది" అనేది అప్ప. తిడుతున్నట్టు ఉండేది కాదు.

మాత్రలు ఎక్కడ దాచాలన్నది పెద్ద ప్రశ్న అయింది. అమ్మ ఇంగువ డబ్బాలో పెట్టింది, నాన్న చచ్చినా చెయ్యి పెట్టని చోటు. అప్ప మింగిన ప్రతి మాత్రా ఇంగువ కంపు కొట్టేది. నాన్న మాత్రం రోజూ సాయంత్రం అమ్మ మోకాలికి నూనె రాసేవాడు. లేని నొప్పిని అంత ప్రేమగా నమ్మాడు ఆ మనిషి. ఉన్న నొప్పిని కూతురు నోరు తెరిచి చెప్తే నమ్మలేకపోయాడు. మోకాలు చూపించడానికి ఉంటుంది కదా.

కానీ మాత్రలొక్కటే అప్పని బాగు చేశాయంటే తనకి అన్యాయం చేసినట్టే. డాక్టరు బాబు చెప్పాడట, ఏ చోట భయం పుట్టిందో ఆ చోటుకి కొంచెం కొంచెంగా వెళ్లమని. అప్ప పొద్దున్నే ఓవర్ బ్రిడ్జికి వెళ్లేది. మొదటి వారం మెట్ల కింద నిలబడి వచ్చేసింది. తర్వాత మూడు మెట్లు. తర్వాత సగం. నేను తన వెనకాల సంచి మోస్తూ నిలబడేవాణ్ణి. "మాటాడకు. ఊరికే నిలబడు" అనేది. దసరా అయి, చలి ముదిరి, నోట్లోంచి ఆవిరి వచ్చే రోజుల్లో ఒక పొద్దున్న అప్ప మధ్యదాకా వెళ్లింది. కింద గూడ్సు వచ్చింది. వంతెన అదిరింది. అప్ప వేళ్లు కమ్మీ మీద తెల్లబడ్డాయి. కళ్లు మూసుకుని, ఆఖరి వ్యాగను దాటేదాకా నిలబడింది. తర్వాత అవతలి వైపు దిగిపోయింది. అక్కణ్ణుంచి నాకు చెయ్యి ఊపింది.

ఆ ఏడు పరీక్ష రాయలేదు. వీధి ఫెయిలంది. మరుసటి ఏడు రాసింది, పాసయింది. ఆ తర్వాత అప్రెంటిసు పరీక్ష రాసి కార్ఖానాలో, కరెంటు మోటార్లకి రాగి తీగ చుట్టే విభాగంలో చేరింది. సైరన్ కూసినప్పుడు అన్ని మగ సైకిళ్ల మధ్య మా అప్ప సైకిలు కూడా గేటు దాటేది. మధ్యలో మళ్లీ రెండుసార్లు బాగోలేదు. రెండుసార్లూ తనే వెళ్లి డాక్టర్ని చూసింది, తనే తిరిగి లేచింది.

నాన్న మహా గర్వపడ్డాడు. "నేను ఆ రోజు గట్టిగా ఉన్నాను గాబట్టి నిలబడినాది" అని అందరికీ చెప్పాడు. నిజంగానే నమ్మాడు. ఆయన పోయేదాకా అమ్మ చెప్పలేదు, అప్ప చెప్పలేదు. ఆయన పోయాక ఆ కథ నేను అందుకున్నాను. ఎందుకంటే ఆ కథలో నేను ఎక్కడా లేను. అబద్ధం చెప్పిన పిల్లాడు లేడు, క్రేను లేదు. ఆ కథ చెప్పినన్నాళ్లూ నాకు హాయిగా ఉండేది. అమ్మ కూడా వెళ్లిపోయాక ఇక అడిగేవాళ్లు లేరనుకున్నాను.

మా అమ్మాయి పన్నెండో తరగతి. రెండు నెలలుగా ట్యూషనుకి సరిగ్గా పోవట్లేదు. మొన్న పొద్దున్న నేను డ్యూటీకి బూట్లు వేసుకుంటుంటే వచ్చి పక్కన నిలబడింది.

"నాన్నా, నాకు బాగోనేదు. ఒంట్లో కాదు. లెగాలంటేనే భయం వేస్తంది."

తల ఎత్తకుండా అన్నాను. "పరీక్షలు వత్తన్నాయని సిక్కు కొడతన్నావేటి? ఏటీ నేదు. ఫిట్టు. పద."

పైగా నవ్వాను.

మధ్యాహ్నం అప్ప ఫోను చేసింది. "పిల్ల నా దగ్గరున్నాది. మీ ఆవిడికి సెప్పే వచ్చినాది, కంగారు పడకు. నువ్వేటన్నావో కూడా సెప్పినాది."

అంతే అంది. ఫోను పెట్టేసింది.

సగం రోజు సెలవు పెట్టి, బ్యాటరీ రిక్షా, అదే టోటో, ఎక్కి ఝపటాపూర్‌లో అప్ప ఇంటికి వెళ్లాను. వరండాలో పీట మీద కూర్చుని అరటిపువ్వు వొలుస్తోంది. పక్కనే మా అమ్మాయి, ఒక్కో పువ్వులోంచి పుల్ల తీసి పడేస్తోంది. ఇద్దరి వేళ్లూ నల్లగా ఉన్నాయి. నన్ను చూసి అమ్మాయి తల దించుకుంది.

"డ్యూటీ వదిలేసి వచ్చినావేటి? సెప్పులిప్పి రా" అంది అప్ప.

నేను మెట్టు మీదే నిలబడ్డాను.

"అప్పా, ఆ రోజు ఓవర్ బ్రిడ్జి మీద నేను సూసినాను. సూడనేదని నాన్నకి అబద్దం సెప్పినాను. క్రేను ఎక్కడం కోసం సెప్పినాను."

అప్ప చేతులు ఆగాయి. "సూసినావని నాకు తెల్దేటిరా? పక్కన కూకొని ఏడ్సినోడివి నువ్వే గదా."

"మరి ఇన్నేళ్లూ నేను అందరి దగ్గరా ఆ కత సెప్తంటే ఎందుకు ఊరుకున్నావు?"

"నాన్న ఉన్నప్పుడు నాన్న కోసం ఊరుకున్నాను. తరవాత అలవాటైపోనాది." కొత్త పువ్వు అందుకుంది. "నన్ను ఏటన్నా నాకు పట్టనేదురా. ఆ కతలో అమ్మ నేదు సూడు. ఏడాదిన్నర కుంటినాది నా కోసం. నువ్వు ఆవిడిని తీసేసి నాన్నని పెట్టినావు. అదొక్కటే నాకు కష్టంగా ఉండేది."

మెట్టు మీద కూర్చున్నాను. "తప్పు సేసినాను అప్పా. ఎవరెవరి దగ్గర ఆ కత సెప్పినానో అందరి దగ్గరా మార్చి సెప్తాను."

"సెప్పు. ముందు దానికి సెప్పు" అంది అమ్మాయి వైపు చూపిస్తూ. "నాకు సెప్పడానికి నలభై ఏళ్లు తీసుకున్నావు. అది అంతకాలం ఎందుకు ఆగాలి?"

అప్ప గిన్నె ఎత్తుకుని లోపలికి వెళ్లిపోయింది. అమ్మాయి ఇంకా తల దించుకునే ఉంది. నేను మెట్ల మీంచి లేచి వెళ్లి, అప్ప వదిలిన పీట పక్కన నేల మీద కూర్చున్నాను.

"అమ్మా, నువ్వు బాగోనేదని సెప్పినావు. నేను నమ్మనేదు, పైగా నవ్వినాను. నన్ను మన్నించు. ఇంక నువ్వు బాగోనేదంటే, బాగోనేదే."